అగ్యెకుం గారు దాచుకున్న అనుమానం

ప్రొఫెసర్ అగ్యెకుం గారికి అనుమానం. ఒకదాని మీద కాదు, అన్నిటి మీదా. కుమాసీ పట్టణంలో ఎండ దంచేస్తున్నా, ఎవరైనా గుడ్ మార్నింగ్ అంటే "బయటికెళ్లి చూసొచ్చావా?" అంటారు. ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్ద కెంకీ తినబోతూ ఆకు విప్పి, లోపలున్నది కెంకీయేనా అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూస్తారు. పెళ్లినాడు చర్చిలో ముసుగెత్తి "ఈమేనా?" అని ఫాదర్‌ని అడిగారని ల్యాబులో చెప్పుకుంటారు. అది ఒట్టి అబద్ధమని ఆయనంటారు. ఆయన భార్య మాత్రం కాదనదు.

అలాంటి మనిషి దగ్గర సెర్వా పిహెచ్‌డీకి చేరింది. ఆమె పని క్లోమంలో వచ్చే క్యాన్సర్ మీద. ఆ కణాల్లో ఒక ఎంజైమ్ ఉంది. "పెరుగు, ఇంకా పెరుగు, పక్కవాళ్ల చోట్లోకి పాకు" అని కణం చెవిలో ఊదడమే దాని ఉద్యోగం. సెర్వా మందు వేసి దాని నోరు మూయించింది. గిన్నె అడుగున పరుచుకున్న కణాల మధ్య ఒక గీత గీకి చూసింది. మందు లేని గిన్నెలో కణాలు పాకి గీతను పూడ్చేశాయి. మందు పడిన గిన్నెలో పెరగడమూ లేదు, పాకడమూ లేదు.

సెర్వా ఎగిరి గంతేసింది. ప్రొఫెసర్ గారు మైక్రోస్కోపులోకి వంగి చాలాసేపు చూశారు.

"ఇంత బాగా వచ్చిందేం?"

"బాగా రాకూడదా సార్?"

"రావచ్చు. మరీ ఇంత బాగానా?"

అంతే, వెళ్లిపోయారు. మామూలుగా అయితే ప్రశ్నలతో ప్రాణం తీసేవారే. ఆయన ఊరుకోవడం చూసి సెర్వాకి మొదటిసారి భయం వేసింది. తర్వాత కణాలను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్‌లో తన ఫ్లాస్కులు ఎవరో కదిపినట్టు చోటు మారడం మొదలైంది.

"ముసలాయన నీ ఫలితం కొట్టేస్తున్నాడు" అన్నాడు పక్క బల్ల దగ్గర పనిచేసే ఎన్సియా. "నీకంటే ముందు తన పేరుతో అచ్చేసుకుంటాడు చూడు."

"ఛ! ఆయన అలాంటివారు కాదు."

"మరి ఆ ఇంక్యుబేటర్ తలుపు తీస్తున్నది దెయ్యమా?"

సెర్వాకి అన్నం సహించలేదు. అక్కడ అంత్యక్రియలన్నీ శనివారమే, ఆరోజు కుమాసీ అంతా ఏదో ఒక చావింట్లో ఉంటుంది. దొంగకి అంతకంటే మంచిరోజు ఏముంటుంది? ఆ శనివారం ల్యాబుకి వచ్చి చూసింది. చావుకి కట్టుకునే నల్లబట్ట ఒక భుజం మీద, దాని పైన తెల్లకోటు, రెండు చేతులూ ఇంక్యుబేటర్‌లో. సాక్షాత్తూ అగ్యెకుం గారే!

"సార్! నా కణాలు దొంగిలిస్తున్నారా?"

"నీ కణాలెవరిక్కావాలి? అవసలు క్లోమానివే కావు!"

సెర్వా నిలదీస్తే ఆయన అసలు సంగతి చెప్పారు. ఆమె కణాలను ఆయన చాటుగా పరీక్షకి పంపారు. జవాబు ఆరోజే వచ్చింది. అవి రొమ్ము క్యాన్సర్ కణాలు. ఎప్పుడో వేరే గొట్టంలోంచి ఒక చుక్క ఇటు పడింది. కలుపులా పెరిగి అసలువాటిని లేకుండా చేసింది.

"అయితే నా థీసిస్ పోయినట్టేనా సార్?"

"ఎందుకు పోతుంది?" ఆయన పక్క ఇంక్యుబేటర్ తలుపు తీశారు. నిండుగా ఫ్లాస్కులు. "పాత నిల్వలోంచి తీసి నీకోసం పెంచుతున్నాను. నీవాటితో పోల్చి చూసి వీటికి ఆహారం మార్చడానికే మా మామ అంత్యక్రియల్లోంచి లేచొచ్చాను. ఇవి క్లోమానివే. రెండుచోట్ల అడిగాను."

"ఇన్నాళ్లూ ఒక్కమాట చెప్పలేదేం?"

"నా అనుమానం తప్పయితే? నువ్వు ఊరికే తిండి మానేసి ఏడుస్తావు. పైగా ఆ కణాల మొదటి గొట్టం నీకిచ్చింది నేనే. ముందు నా మీదే నాకు అనుమానం."

వచ్చిన ప్రతి అనుమానాన్నీ ఊరంతా చాటే మనిషి ఈ ఒక్కదాన్ని మాత్రం కడుపులో దాచుకున్నారు. సెర్వాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన్ని దొంగ అనుకున్నందుకు సిగ్గుపడింది.

కొత్త కణాలతో అన్నీ మళ్లీ చేసింది. ఎంజైమ్ నోరు మూస్తే పెరగడం కాస్త తగ్గిందంతే. పాకడం మాత్రం ఆగిపోయింది. మొదటిసారంత గొప్పగా లేదు కానీ ఇది నిజం.

వైవా రోజు అక్రా నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లజోడు సర్దుకున్నాడు. "అమ్మా, ఈ కణాలు నిజంగా క్లోమానివేనా? నాకెందుకో కొంచెం అనుమానంగా ఉంది."

సెర్వా నోరు తెరిచేలోగా వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

"అనుమానమా!" అగ్యెకుం గారు లేచి నిలబడ్డారు. "ఏం మనిషివయ్యా నువ్వు? పిల్ల అంత స్పష్టంగా చెప్తోంది కదా, నమ్మలేవూ?"

హాలంతా గొల్లున నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయన అందరివంకా అనుమానంగా చూస్తూ కూర్చున్నారు.