సీసం ఎటు పోయింది? కనకమామిడి పాలకూర మడి దగ్గర ఒక శనివారం

విహారం కోసమో, మొక్కు కోసమో బయల్దేరేవాళ్లే ఎక్కువ. నేను పగ తీర్చుకోవడానికి బయల్దేరాను. హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ల కిందట ఒక సెమినార్‌లో, సీసం నిండిన మట్టిలో బతికే బాక్టీరియా గురించి మాట్లాడాను. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. హాలంతా నవ్వింది. ఆ తర్వాత నాకు పరిశోధన సీటూ రాలేదు, ప్రమోషనూ రాలేదు. ఆయన ఇంకా ఉన్నాడు. పొద్దున్నే మా పార్కులోనే నడుస్తాడు. నేను ఎదురు దిశలో నడుస్తాను.

ఆరు నెలల కిందట అదే విషయం మీద ఒక వ్యవసాయ మాసపత్రికకు వ్యాసం రాశాను. పోయిన వారం కనకమామిడి నుంచి సువార్తమ్మ అనే రైతు ఫోన్ చేసింది. "సార్, మీరు రాసినట్టే చేసిన. చచ్చిన మడి బతికింది. ఒక్కసారి వచ్చి చూడుండ్రి" అంది. ఆ మడిని ఫొటో తీసి సోమవారం పార్కులో పెద్దాయన ముక్కు కింద పెట్టాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మెహదీపట్నంలో ఉదయం ఆరున్నరకు చేవెళ్ల బస్సెక్కాను. అరవై ఇస్తే చిల్లర తిరిగొచ్చింది. బస్సు నిండా ఆడవాళ్లు, అందరికీ ఉచిత టికెట్లే. కండక్టరమ్మ నా యాభై నోటును వెలుతురుకు పట్టి చూసి, "ఈ బస్సుల పైసలిచ్చేటోళ్లు ముగ్గురే బాపు. మీరే మా షావుకార్లు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు గానీ మొయినాబాద్‌లో కిటికీ సీటు ఇప్పించింది కాబట్టి క్షమించాను. కనకమామిడి దారిలోనే వస్తుంది. కానీ శనివారం పొద్దున చేవెళ్ల మార్కెట్లో చిక్కుడుకాయ అమ్ముకుని తొమ్మిదింటికి ఖాళీ అవుతానని సువార్తమ్మ చెప్పడంతో చేవెళ్ల దాకా వెళ్లాను. బస్టాండు పక్కన నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. చట్నీలో నీళ్లు ఎక్కువ.

మార్కెట్లో ఆమే నన్ను గుర్తుపట్టింది. యాభై దాటిన మనిషి, మెడలో చిన్న సిలువ. "వందనాలు సార్" అని నా సంచి లాక్కుంది. ఇద్దరం కనకమామిడి వైపు షేర్ ఆటో ఎక్కాం, మనిషికి ముప్పై. డ్రైవర్ మల్లేశ్ అద్దంలో నన్ను చూసి, "గీ సారేనా అవ్వా, పురుగులతోని సీసం తినిపిచ్చేది?" అన్నాడు.

"గీ సారే. జర మెల్లగ నడుపు, పెద్దమనిషి" అంది సువార్తమ్మ.

బాక్టీరియా సీసాన్ని తినదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా సీట్లో కాస్త నిటారుగా కూర్చున్నాను. అలాంటి మాట వినడానికి నేను ముప్పై ఏళ్లు ఆగాను.

పొలం రోడ్డు నుంచి పది నిమిషాల నడక. ఒక పక్క నగరంవాళ్ల ఫామ్‌హౌస్ గోడ, ఇంకో పక్క వీళ్ల రెండెకరాలు. మూలన పావెకరం మడి. ఒకప్పుడు దాన్ని సువార్తమ్మ భర్త దానయ్య పాత బ్యాటరీలు పగలగొట్టే ఒకతనికి కిరాయికిచ్చాడు. యాసిడ్ పారింది, సీసం పొడి రాలింది. రెండు దూడలు చచ్చాక అతన్ని వెళ్లగొట్టారు. పదేళ్లు ఆ మడి ఏమీ పండక పడావుగా ఉంది. నా వ్యాసం చదివి సువార్తమ్మ జీవామృతానికని డ్రమ్ములో పేడ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి కలిపింది. అందరూ గట్టు మీది గుప్పెడు మట్టి వేస్తారు. ఈమె మాత్రం ఆ చెడిన మడి మట్టే వేసింది, అక్కడి సూక్ష్మజీవులు సీసానికి అలవాటు పడి ఉంటాయని నేను రాశాను కాబట్టి. మూడు నెలలు పోసింది. ఇప్పుడు అక్కడ పాలకూర మోకాలెత్తున, నల్లటి పచ్చదనంతో ఉంది. నేను ఫొటో తీశాను.

"పొద్దు వాలినంక కోస్తం సార్" అంది సువార్తమ్మ. "రేపు ఆదివారం. ఈ మడి మొదటి కోత మా చర్చికి. ప్రథమ ఫలం. ప్రేమ విందుల మందికంత పాలకూర పప్పు. పాస్టర్ గారికి చెప్పేసిన. మీరు గూడ వచ్చి రెండు మాటలు చెప్పాలె."

దానయ్య కొడవలి పట్టుకుని దగ్గరికొచ్చాడు. మెల్లగా అడిగాడు. "ఒక్క ముచ్చట సార్. గా పురుగు సీసాన్ని ఏం చేస్తది? గది ఏడికి పోయినట్టు?"

సెమినార్‌లో పెద్దాయన వేసిన ప్రశ్న అచ్చంగా ఇదే. అవమానం అనుకున్నాను. నిజానికి నాకు జవాబు తెలుసు. ఆ జవాబు చెబితే నా పని చిన్నదైపోతుందని మింగేశాను. వ్యాసంలోనూ ఆ ఒక్క వాక్యం రాయలేదు.

గట్టు మీద కూర్చుని చెప్పాను. బాక్టీరియా లోపల కాపలా ప్రోటీన్ ఒకటి ఉంటుంది. సీసం లోపలికి రాగానే దాన్ని పట్టుకుని, పంపులు తయారు చేయమని కబురు పెడుతుంది. ఆ పంపులూ ప్రోటీన్లే, కణం పొరలో నాటుకుని ఉంటాయి. వాటిలోని గంధకం పరమాణువులు సీసాన్ని గట్టిగా పట్టుకుంటాయి. కణం శక్తి ఖర్చుపెడుతుంది, పంపు మెలి తిరుగుతుంది, లోపలి వాకిలి మూసుకుని బయటి వాకిలి తెరుచుకుంటుంది. సీసం బయటపడుతుంది. అంతే. బాక్టీరియా బతుకుతుంది. సీసం మట్టిలోనే ఉంటుంది. పాలకూర పచ్చగా ఉందంటే యాసిడ్ వానలకు కొట్టుకుపోయి ఉండొచ్చు, పేడ బలం ఉండొచ్చు. పచ్చదనం సీసం లేదనడానికి సాక్ష్యం కాదు.

సువార్తమ్మ మడి వైపు తిరిగింది. "అంటే మేము చేన్ల రాళ్లేరి గట్టు మీద పారేస్తం. రాయి ఏడికి పోదు. గట్లనా?"

"అంతేనమ్మా."

"మరి పేపర్ల గా మాటెందుకు రాయలే సార్? నేను చదువుకున్నది ఏడో తరగతి. మీరు పెద్ద చదువులు చదివిండ్రు. మా మనుమరాలు గూడ తింటుండె రేపు."

"తప్పు నాదే" అన్నాను. ఆ రెండు మాటలు నా నోటి నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. "ఎంత ఉందో పరీక్ష చేయకుండా చెప్పలేను. ఏమీ లేకపోవచ్చు కూడా. తెలిసేదాకా ఒక్క ఆకు కూడా నోట్లోకి పోకూడదు."

"పాస్టర్ గారికి ఏం మొఖం చూపియ్యాలె?"

"పై మడిల చిక్కుడున్నది కద" అన్నాడు దానయ్య.

"గది మూడో కోత. ప్రథమ ఫలం ఎట్లయితది?" అని కసిరింది. మళ్లీ తనే అంది, "మన పిల్లకు పెట్టలేనిది దేవునికి ఎట్ల పెడతం." చీర కుచ్చిళ్లు దోపి మొదటి మొక్క పీకింది. ముగ్గురం పీకాం. నా నడుము రెండు గంటలకే మొరాయించింది. బర్రె తినకుండా అదే మడిలో గుంత తీసి పూడ్చాం.

అన్నం తింటున్నప్పుడు నేను చెప్పకుండా దాచిన రెండో సగం కూడా చెప్పాను. సీసం పంపు ఉన్న బాక్టీరియాల్లో కొన్ని బయటికి తోసి ఊరుకోవు. ఇంకో ప్రోటీన్ భాస్వరాన్ని విడుదల చేస్తుంది. అది సీసంతో కలిసి గట్టిపడుతుంది, మళ్లీ లోపలికి రానీయదు. మనుషులు కూడా చెడిన నేలకు భాస్వరం వేసి సీసాన్ని కదలకుండా చేస్తున్నారు. ల్యాబ్‌వాళ్లు మోతాదు చెబితే ఇక్కడా చేయొచ్చు.

సువార్తమ్మ కళ్లు వెలిగాయి. "ఏరిన రాళ్లతోనే గట్టు కట్టినట్టు! కట్టిన రాయి చేన్లకు దొర్లదు సార్." నా ఉపన్యాసాల్లో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు, నాతో సహా. అందాకా ఆ మడిలో చామంతి పెడతామన్నాడు దానయ్య. మొయినాబాద్ దిక్కంతా పూలే పెడుతున్నారట, పూలెవరూ వండుకోరు కదా అన్నాడు. సువార్తమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "రాసింది మీరు. మళ్ల రాసేది గూడ మీరే." ఆమె మాట మీదే ఇది రాస్తున్నాను.

సాయంత్రం నాలుగున్నరకు కనకమామిడి స్టేజీలో బస్సు దొరికింది. పరీక్షకని తీసిన మడి మట్టి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చోగానే, పార్కువాళ్ల గ్రూపులో నంబరు వెతికి పెద్దాయనకు ఫోన్ చేశాను. సీసం పరీక్ష నమ్మకంగా ఎక్కడ చేస్తారని అడిగాను. వయసుకు ఆయన గొంతు బలహీనపడింది. "నా శిష్యురాలి ల్యాబ్ ఉంది. మట్టి పట్టుకుని పొద్దున పార్కుకు రా" అన్నాడు. మీ ప్రశ్న సరైనదేనని మాత్రం చెప్పలేదు. అంత మంచివాణ్ణి కాదు. కానీ ఇన్నేళ్లు ఒక మనిషిని ద్వేషించడానికి పెట్టిన ఓపికలో సగం ఆ ప్రశ్న మీద పెట్టి ఉంటే, ఈ మడి ఎప్పుడో బాగుపడేది. ఇప్పుడైనా ఆలస్యం కాలేదని కిటికీలోంచి వరుసగా కనిపిస్తున్న పూలతోటలను చూస్తే అనిపించింది.

మీరూ ఇలాంటి నేల చూడ్డానికి వెళ్తే ఒక సంగతి. మట్టిని ఒక్క చోట గుప్పెడు తీస్తే చాలదు. ఐదారు చోట్ల జానెడు లోతు నుంచి తీసి కలిపి, ప్లాస్టిక్ సంచిలో వేసి, మడి పేరు రాయండి. ఇచ్చేటప్పుడు సీసం చూడమని నోరు తెరిచి అడగండి. మామూలు మట్టి పరీక్షలో సీసాన్ని చూడరు.