ఆరింది అన్న మాట

ఆయన్ని అందరూ అద్దం మేస్త్రీ అంటారు. అద్దాలు బిగించడం ఆయన పని కాదు. చెక్కకు పాలిష్ పెడతాడు. ఆయన చెయ్యి పడిన తలుపులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఎవరో అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల తలుపులు మెరిశాయి. సొంత పడకగదిలో గోడకు బిగించిన అల్మరా మాత్రం ఉత్త చెక్కగానే ఉండిపోయింది. "మా ఇంటికి ఎప్పుడొస్తారు మేస్త్రీగారూ" అని భార్య అడిగేది. వరస రానీ అనేవాడు.

ఈ వేసవిలో వరస వచ్చింది. నూనెలో కలిపిన ముదురు గోధుమ రంగును గుడ్డతో రుద్ది అల్మరాకు పట్టించాడు. ఆ సాయంత్రమే ఆమెకు ఊపిరి ఆడలేదు. డాక్టరు ఆమె ఛాతీ విని, ఆయన చేతుల వంక చూశాడు. థిన్నర్ పాలిష్ ఇక ఆ ఇంట్లోకి రాకూడదన్నాడు. ఆమె నాలుగు బట్టలు సర్దుకుని పక్కవీధిలో చెల్లెలి ఇంటికి వెళ్లింది.

"వాసన పోయాక చెప్పండి, వస్తాను" అంది.

రంగు మీద ఏదో ఒక పూత పడాలి. లేకపోతే తడి చెయ్యి తగిలిన చోటల్లా మరకే. ఎన్నడూ ముట్టని నీళ్ల పాలిష్ కోసం ఆయన రంగుల కొట్టుకు వెళ్లాడు. కొట్టతను చిన్నప్పటి స్నేహితుడు. డబ్బా మూత తీసి చూపించాడు. లోపల తెల్లగా ఉంది.

"పాలు అమ్ముతున్నావేంట్రా?"

"పాలీయురెథేన్ పాలిషే. నూనె బదులు నీళ్లు. ఆరాక ఆ తెలుపు ఉండదు."

"మన పాలిష్‌లా చెక్కకి వెచ్చదనం తెస్తుందా?"

"తేదు. నువ్వు కింద ఏ రంగు వేశావో అదే ఉంటుంది. ఏళ్లు గడిచినా పసుపెక్కదు."

"మరి ఇది చేసేదేముంది?"

"కాపలా. నోరు మూసుకుని కాస్తుంది. నీకూ నాకూ చేతకాని పని."

అద్దంలా మెరిసేది, పట్టులా మెరిసేది, అసలు మెరవనిది అని రకాలున్నాయి. మేస్త్రీ చెయ్యి మొదటి డబ్బా మీదికే పోయింది. స్నేహితుడు దాన్ని వెనక్కి జరిపాడు.

"ముదురు రంగు మీద అది వేస్తే కుంచె ఎటు తిరిగిందో మొత్తం చెప్పేస్తుంది. పట్టు మెరుపు పట్టుకెళ్లు. ఇంతకీ కింద రంగు నూనెదేనా?"

"నూనెదే."

"అయితే బాగా ఆరనివ్వు."

"ఆరిందో లేదో నువ్వు చెప్తావా నాకు?"

ఆరింది అన్న మాట చెప్పాల్సింది ఆయనే. పని నేర్పిన మేనమామ, వేలితో కాదురా, ముక్కుతో చూడు అనేవాడు. చెక్కకు ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని, ఒక్క ఊపిరి పీల్చి "ఆరింది" అనేవాడు మేస్త్రీ. అప్పటిదాకా ఇంటివాళ్లు తలుపు తాకేవారు కాదు.

ఇంటికొచ్చి అల్మరాకు ముక్కు ఆనించాడు. ఏ వాసనా లేదు. కుంచె ముంచాడు.

పూత నిలవలేదు. చేమాకు మీద నీళ్లలా బొట్లు బొట్లుగా ముడుచుకుంది. రెండోసారి తిప్పితే కుంచెకు గోధుమ రంగు అంటింది. మూడోసారి తిప్పితే తలుపంతా బురద. ఆయన కుంచెను కిటికీలోంచి విసిరేశాడు. తరువాత వెళ్లి తెచ్చుకున్నాడు.

"నీ పాలు విరిగాయి" అన్నాడు కొట్టుకెళ్లి.

"రంగు ఆరలేదు" అన్నాడు స్నేహితుడు.

"వాసన చూసే వేశాను."

స్నేహితుడు ఏదో అనబోయి, డబ్బా దులపసాగాడు.

మేస్త్రీ ఇంటికొచ్చి ఉప్పుకాగితం పట్టాడు. గీకుతుంటే పూతతో పాటు రంగూ లేచింది. చెక్క అక్కడక్కడ తెల్లబడింది. అక్కడ మళ్లీ అదే నూనె రంగు రుద్దాడు. మొండితనం కాదు, వేరే రంగు కలవదు అని గోడకు చెప్పుకున్నాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కాచిన పాలు రోజూ అడుగంటుతున్నాయి. అడుగంటాయని గిన్నె తోమేటప్పుడు గానీ తెలియడం లేదు.

కొన్నాళ్లు కిటికీలు తెరిచి ఉంచాడు. మళ్లీ ముక్కు ఆనించాడు. ఏమీ లేదు. ఇక మిగిలింది వాసనలేని పూతేగా, ఆమె ఇంట్లో ఉండగానే వేసుకోవచ్చు. ఫోన్ చేశాడు.

"ఆరింది. రా."

చెల్లెలు సంచి మోస్తూ వెంట వచ్చింది. భార్య గడప దాటింది. పడకగది ముందు ఆగింది. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. దగ్గు మొదలై ఎంతకీ ఆగలేదు. వీధిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు.

"ఏ వాసనా లేదు. నేను చూశాను" అన్నాడాయన.

"బావా, పోయింది వాసన కాదు. మీ ముక్కు" అంది మరదలు.

"నోటికొచ్చినట్టు మాట్లాడకు."

"గడపలోనే వాసన కొట్టింది నాకు. ఏమే అక్కా, నీకు తెలీదా?"

భార్య ఊపిరి కూడదీసుకుంది. "తెలుసు. పాలు మాడినా లేచేవారు కాదు. చెప్తే బాధపడతారని ఊరుకున్నాను."

ఇద్దరూ వెళ్లిపోయారు. ఆయన థిన్నర్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మండాయి. అంతే. ఏళ్ల తరబడి పీల్చిందంతా అక్కడే మడ్డిలా పేరుకుపోయినట్టుంది. పోయినేడు ఒకావిడ తలుపు జిగటగా ఉందని పిలిస్తే, మీ చెయ్యే జిడ్డు అని పోట్లాడి వచ్చాడు. ఆ తలుపు గుర్తొచ్చింది. ఇంకెన్ని తలుపులకు ఆరిందని చెప్పాడో.

తెల్లటి పాత దుప్పటి చింపాడు. పొద్దున్నే ముక్క తీసుకుని అల్మరాను గట్టిగా రుద్దేవాడు. ముక్కకు గోధుమ రంగు అంటేది. దాన్ని తీగ మీద వేసేవాడు. ముక్కు మీద కోపం తీర్చుకునే దారి లేక, తీగను తిట్టేవాడు. ఒక ముక్క తెల్లగానే వచ్చింది. నమ్మలేదు. మర్నాడూ రుద్దాడు. మర్నాడూ తెల్లగానే వచ్చింది.

అప్పుడు డబ్బా తెరిచాడు. బుడగలు రాకుండా మెల్లగా కలిపాడు. పలచగా వేశాడు. ఆరాక నీళ్లకు నూగు లేచి చెక్క గరుకైంది. సన్నటి కాగితంతో దాన్ని అణిచి మళ్లీ వేశాడు. పూత నిలిచింది. మెరుపు ఉంది గానీ, అందులో ఆయన మొహం లేదు. ఎంత వంగి చూసినా లేదు.

ఈసారి ఫోన్ చేయలేదు. అల్మరా కింది సొరుగు ఊడదీసి, చంకలో పెట్టుకుని మరదలి ఇంటికి వెళ్లాడు. వాకిట్లో నిలబడి భార్య ముందు చాచాడు.

"ఇంటిని ముక్కలుగా మోసుకొస్తున్నాడు, చూడు" అంది మరదలు.

భార్య ముందు దూరం నుంచే పీల్చింది. తరువాత దగ్గరికి వచ్చింది. సొరుగు లోపలికి తల వంచింది.

"ఏం వస్తోంది?" అన్నాడు.

"చెక్క."

"చెక్కేనా?"

"చెక్కే. కొత్తగా కోసినట్టు."

ఆయనా సొరుగులో ముక్కు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తల ఎత్తి, "ఎలా ఉంటుంది అది?" అని అడిగాడు. ఆమె చెప్పబోయింది.

"మొహం కనబడదేం?" అంది, పైన వేలితో రాస్తూ.

"కనబడదు."

"పోనీలెండి. రోజూ చూసేదేగా."

సంచిలోంచి మందులు, బట్టలు తీసి సొరుగులో సర్దింది. రెండు చేతులా ఎత్తి ఆయనకు అందించింది.

"నడవండి. ఆరిందని మాత్రం ఇంకెవరికీ చెప్పకండి. నన్నడగండి."

సొరుగు బరువుగా ఉంది. ఆమె చెప్పులు వేసుకునేదాకా ఆగాడు.