కొన్న గడ్డి, పీకిన కలుపు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను పెంచి చెప్తాను. అరకులో మేం అద్దెకిచ్చిన ఇంటి పెరడు నా నోట ఎప్పుడూ ఎకరమే. నిజానికి నాలుగు మంచాలు వేస్తే ఐదోది వీధిలో వెయ్యాలి.

ఆ నాలుగు మంచాల నేలకి పార్కింగ్ టైల్సా, లానా అని మా ఇంట్లో మూడు వర్షాకాలాలు యుద్ధం నడిచింది. మా ఆవిడది టైల్స్ పక్షం. "గడ్డేస్తే ఎవులు కోత్తారు, నువ్వా?" అంది. రిసార్టుల పచ్చదనం చూసి మనసు పారేసుకున్న నాది లాన్ పక్షం. ఆ ఇంట్లో ఉంటున్న నర్సమ్మనీ, ఆవిడ తల్లినీ మాత్రం ఎవరం అడగలేదు.

చివరికి నేనే నెగ్గాను. విశాఖపట్నం నుంచి గడ్డి చాపచుట్టల్లా వచ్చింది. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ వ్యానాపి నీళ్లు చల్లాను. నా పిల్లల్ని కూడా అంత భద్రంగా తేలేదు.

నెల తర్వాత వెళ్లి చూస్తే పెరడంతా ఎర్రమట్టి. నర్సమ్మ ఆసుపత్రి డ్యూటీలో ఉంది. ఆవిడ తల్లి, ముంచింగిపుట్టు కొండల్లో జన్మంతా చోళ్లు, అంటే రాగులు, పండించిన మనిషి, గట్టుమీద కూర్చుని ఉంది. గడ్డిని వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, ఓ మూల కుప్ప పెట్టింది. సాళ్లు తీసి రాజ్‌మా గింజలు కూడా నాటేసింది.

"ఏటి సేసినావు?" అని అరిచాను.

"కలుపు బాబూ. నీకు తీరిక లేదనుకున్నాను. మూడ్రోజులు పట్టింది. బేగి తియ్యకపోతే నేలంతా అల్లీసును."

"అది లాను! కొని తెచ్చాను!"

ఆవిడ నాకేసి జాలిగా చూసింది. "కలుపు కొన్నావా? ఎవులు అమ్మినారు బాబూ నీకు?"

నవ్వు రావలసిన చోటు. రాలేదు. "అద్దెకున్నవాళ్లు అద్దెకున్నట్టుండాలి. ఖాళీ చెయ్యండి," అన్నాను.

ఆవిడ వంగి, నాటిన గింజలు ఒక్కొక్కటే తవ్వి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది. "ఇత్తనాలు మాయి," అంది. గోళ్ల నిండా ఎర్రమట్టి. ఈ కొండల్లోనే కూలికి కలుపు తీసి నన్ను చదివించిన మా అమ్మ గోళ్లూ అలాగే ఉండేవి.

వెంటనే పక్కన కూలబడి, "తప్పైపోయిందమ్మా," అన్నాను. ఇద్దరం కలిసి ఆ గింజలు మళ్లీ నాటాం.

ఎకరం మాట, మలుపుల మాట పెంచినవే. కానీ కల్పించింది మాత్రం ఈ చివరిదే. ఆవిడ గింజలేరుతున్నంతసేపూ గేటు దగ్గర వీపు తిప్పి ఫోను చూసుకుంటూ నిలబడ్డాను. నెలాఖరుకి వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడక్కడ టైల్సే. ఎక్కడో మిగిలిన వేరు ఒకటి వాటి సందుల్లోంచి లేస్తోంది. వెళ్లినప్పుడల్లా గొంతుక్కూర్చుని ఆ కలుపు పీకుతుంటాను.