దువ్వెన ఏరేసిన పురుగులు

పోస్టాఫీసు తోటమాలిని అందరూ దువ్వెన అనేవారు. నెత్తిన నాలుగు వెంట్రుకలు లేని మనిషికి ఆ పేరెందుకంటే, గడ్డికి కూడా పాపిడి తీసే రకం ఆయన. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒక్క కలుపు మొక్కను తల ఎత్తనివ్వలేదు. అలాంటివాడికి పెరటి గోడ పక్కనున్న పిచ్చి తీగను కాపాడే పని పడింది.

ఎర్రచుక్కల సీతాకోకచిలుక ఆ తీగ లేనిదే బతకదట, ఊళ్ళో ఆ తీగ ఇంకెక్కడా మిగల్లేదట. ఇదంతా సైన్సు పంతులమ్మ చెప్పింది. పోస్టుమాస్టరు మాత్రం, "నెల్లాళ్ళు చూస్తా. ఆలోగా ఒక్క సీతాకోకచిలుకైనా కనబడకపోతే తీగ పీకించి స్కూటర్లకి షెడ్డు వేయిస్తా" అని తేల్చేశాడు.

దువ్వెనకు పౌరుషం పొడుచుకొచ్చింది. రోజూ పొద్దున్నే తీగకు నీళ్ళు పోసి, ఆకులు తుడిచి, వాటిని కొరుకుతున్న నల్ల గొంగళి పురుగుల్ని ఏరి గోడ అవతలికి విసిరేసేవాడు. చంపడానికి చేతులు రావు, జాలిగుండె. పైగా అవతలిది దర్జీ బావ పెరడు. ఆయన దువ్వెన భార్యకు స్వయానా అన్న. తొమ్మిదేళ్ళ కిందట ఆ బావ ప్యాంటు ఒక కాలు కురచగా కుట్టి, "నీ కాలే పొడుగు" అన్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

గడువు ఇంకా రెండ్రోజులుందనగా మధ్యాహ్నం పంతులమ్మ వచ్చింది.

"ఆకులు నవనవలాడుతున్నాయి. పురుగులేవండీ?"

"ఒక్కదాన్నైనా ఉండనిస్తానా అమ్మా!" అని దువ్వెన మీసం మెలేశాడు.

ఆవిడ నీళ్ళ డబ్బా మీద కూలబడింది. "అవేనండీ సీతాకోకచిలుక పిల్లలు!"

పసిపిల్లల్ని గోడవతల పారేశానే అని దువ్వెన భోరుమన్నాడు. ఆనక ఇంటికి పరిగెత్తి, పెట్టె అడుగునున్న ఆ కురచ ప్యాంటే తొడుక్కుని దర్జీ గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, నా కాలే పొడుగు. ఒప్పుకున్నా. నా పురుగులు నాకిచ్చెయ్."

దర్జీ కత్తెర కింద పెట్టాడు. "నా దగ్గరెందుకుంటాయి? ఏ పూటవి ఆ పూటే, సాయంత్రం నువ్వెళ్ళాక నీ తీగలోకే విసిరేస్తున్నా. నేనేమైనా చేతకానివాణ్ణనుకున్నావా?"

ఇద్దరూ గోడ దగ్గరికి పరిగెత్తారు. పగలంతా పస్తుండి, రాత్రంతా మేసి, వాటిలో తొమ్మిది ఎలాగో గోడ పగుళ్ళలో గూళ్ళు కట్టుకున్నాయి. దువ్వెన బావను కావలించుకున్నాడు. బావ ఆ కౌగిట్లోంచే ప్యాంటు అంచు కొలుచుకున్నాడు.

గడువు నాటికి ఏడు ఎగిరాయి. ఒకటి పోస్టుమాస్టరు ముక్కు మీదే వాలింది. షెడ్డు మాట మళ్ళీ ఎత్తితే ఒట్టు.

ఇప్పుడు దువ్వెన పురుగులు ఏరడు. దారితప్పి అవతలికి పాకినవి మాత్రం పాత అలవాటు కొద్దీ గోడ మీదుగా వచ్చి ఆయన బట్టతల మీద పడుతుంటాయి.

"మెల్లగా విసురు బావా, పసిపిల్లలు!" అని కేకేస్తాడు.