చేపల డాక్టరు చూసిన జ్వరాలు

పెద్దింటమ్మ ఆ రోజు ఫోనులో అబద్ధమాడిందా, నిజమే చెప్పిందా? ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

కొల్లేటి పక్కన చలపతిరావు గారి చేపల చెరువుల మీద నేను గుమాస్తాని. గట్టు మీది షెడ్డులో పుస్తకాలు చదువుకోవడమే నా ముఖ్యమైన ఉద్యోగం. వల లాగే ముఠాకి పేరుకి పెద్ద బంగారురాజు, అసలు పెద్ద అతని భార్య పెద్దింటమ్మ. 2008 వానాకాలంలో, రేపో మాపో చేపల పట్టుబడి అనగా, బంగారురాజుతో సహా ముఠాలో సగం మంది జ్వరాలతో పడిపోయారు. పట్టుబడి లేకపోతే కూలీ లేదు. ఆస్పత్రికి కారు పంపమంటే రావుగారు, "మాత్ర వేసుకుంటే అదే తగ్గుద్దిలే" అన్నారు.

మర్నాడు పొద్దున్నే పెద్దింటమ్మ నా సెల్లు లాక్కుని రావుగారికి ఫోను చేసింది.

"ఏవండీ, చెరువు కాడ పరిస్థితి ఏం బాగోలేదండీ. డాక్టరు గారిని తీసుకుని రండి. ఆలస్యమైతే పట్టుబడి మర్చిపోవచ్చండీ."

గంట తిరక్కుండా ఏలూరు నుంచి కారొచ్చింది. అందులోంచి రావుగారు, చేపల డాక్టరు దిగారు. పెద్దింటమ్మ వాళ్లని తిన్నగా ముఠా వాళ్లుండే పాకల్లోకి తీసుకుపోయింది.

"ఏవే, నేను డాక్టర్ని తెచ్చింది చేపలకి కదా?"

"వీళ్లూ రోజంతా నీళ్లలోనే ఉంటారు కదండీ. చూడమనండి."

డాక్టరు తల గోక్కుని, వాళ్లు తాగే నీళ్లు గ్లాసులో పోయించి చూశాడు. "ఇవి నేను చేపలక్కూడా పెట్టనివ్వనండీ" అన్నాడు.

"వీళ్లు లేవకపోతే వల ఎవరు లాగుతారండీ? మీరూ, గుమాస్తా గారూనా?"

నేను గబుక్కున పుస్తకం మూసేశాను.

జ్వరాలవాళ్లు అదే కారులో ఆస్పత్రికి వెళ్లారు. మంచినీళ్లు బయటినుంచి రావడం మొదలైంది. పట్టుబడి కాస్త ఆలస్యమైనా, ఎప్పుడూ లేనంత చురుగ్గా సాగింది. "మనిషి బాగుంటేనే పని సాగుద్దయ్యా!" అని రావుగారు తానే కనిపెట్టినట్టు నాకు బోధించారు.

అదే అదనుగా పెద్దింటమ్మ అడిగింది. "పిల్లల్ని గుండుగొలను బడికి దింపడానికి ఒక ఆటో పెట్టించండి."

"చదువుకున్నాక వల లాగుతారా?"

"లాగరండీ. అందుకేనండీ."

రావుగారు పకపకా నవ్వి, వచ్చే ఏడు చూద్దామన్నారు.

తరువాతి పట్టుబడి రోజు ఆయన వచ్చేసరికి పాకలు ఖాళీ. బడి పక్కనే చెరువులున్న మరో ఆసామి దగ్గరికి ముఠా మొత్తం ట్రాక్టరెక్కి పోయింది.

"నీకైనా చెప్పిందా?" అన్నారు రావుగారు, గట్టు మీద ఆరేసిన వలని చూస్తూ.

నాకూ చెప్పలేదు.