మిషనమ్మ అడిగిన కూడు

ఈమధ్య కడుపులో నొప్పిగా ఉంటే కాశీబుగ్గలో స్కానింగు తీయించుకోవడానికి వెళ్లాను. పొట్ట మీద చల్లటి జిగురు రాస్తున్న అమ్మాయి బొడ్డు చుట్టూ ఉన్న గుండ్రటి మచ్చల్ని చూసి ఆగింది. "ఇదేం ఆపరేషను తాతగారూ?" అంది. మా నాయనమ్మ చేసిందన్నాను. ఆవిడ ఏ ఊళ్లో డాక్టరని అడిగింది. నాకు నవ్వాగలేదు. పొట్ట కదిలితే బొమ్మ సరిగా రాదని మందలించింది. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే కడుపులో గాలి చేరిందని, కొడవలి మొన ఎర్రగా కాల్చి వాతలు పెట్టేవారని, ఉద్దానంలో నా వయసువాళ్లు చొక్కా విప్పితే చాలామందికి ఇవే కనిపిస్తాయని చెప్పాను. ఆ అమ్మాయి నమ్మినట్టు లేదు. నమ్మకపోవడమే మంచిదనిపించింది. ఇప్పటివాళ్లు ఇలా నమ్మలేకపోవడానికి కారణమైనవాళ్లలో ఒకావిడ నాకు తెలుసు.

ఆవిడను అందరూ మిషనమ్మ అనేవారు. సముద్రాల అవతల నుంచి వచ్చిన క్రైస్తవ మతప్రచారకురాలు. టెక్కలిలో చిన్న మందుల గది నడిపేది. మీది ఏ దేశమని అడిగితే టెక్కలి అనే చెప్పేది. తెలుగు పుస్తకాల్లో కాక సంతలో నేర్చుకుంది. అప్పట్లో నేను పలాసలో ఒక దినపత్రికకు కొత్తగా విలేకరినయ్యాను. ఆవిడ గురించి ఒక వార్త రాసి, 'మూఢవిశ్వాసాల నిర్మూలనకు అవిశ్రాంత కృషి' అని శీర్షిక పెట్టి తీసుకెళ్లి చూపించాను. కళ్లజోడు సర్దుకుని అంతా చదివి, "బాగున్నాది బాబూ. ఇప్పుడు దీన్ని తెలుగులో సెప్పు" అంది. ప్యాసింజరులో సుమ్మాదేవి స్టేషనులో దిగి, భుజాన సంచీతో ఊరూరూ నడిచేది. పిల్లల్ని కాల్చొద్దు, విరేచనాలప్పుడు నీళ్లు ఆపొద్దు అని ప్రతి ఊళ్లోనూ చెప్పేది. కొన్ని ఊళ్లలో గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు.

ఆ వేసవిలో మా అక్కను చూద్దామని జలంత్రకోట పక్కన ఉన్న వాళ్ల అత్తవారి ఊరికి వెళ్లాను. అక్క కూతురికి ఇంకా ఏడాది నిండలేదు. పిల్ల కళ్లు లోతుకు పోయాయి. ఏడుస్తోంది గాని కన్నీళ్లు లేవు. పెదాలు ఎండి అట్టకట్టాయి. పొద్దుటి నుంచి ఉచ్చ పోయలేదట. నీళ్లిస్తే మరీ పారుతుందని అక్క అత్తగారు చుక్క కూడా పట్టనివ్వడం లేదు. ఆవిడను నేనూ అత్త అనే పిలిచేవాణ్ని. అక్క తలుపు చాటుకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడూ, అత్త ఇనుము కాల్సుతాదట. దీనికి ఓపిక లేదురా. మిషనమ్మ జలంత్రకోటలో ఉన్నాదట, బేగి తీసుకురా."

సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను. ఇసక దారిలో సైకిలు దిగబడిన చోటల్లా ఆవిడే దిగి తోసింది. మేం చేరేసరికి పొయ్యి రాజుకుంది. అత్త చేతిలో కొడవలి ఉంది.

"మా ఇంట్లో మతం పెట్టీడానికొచ్చావేటి?" అంది అత్త.

మిషనమ్మ అరుగు మీద చతికిలబడి చెమట తుడుచుకుంది. "ఆకలేత్తంది వదినా. ముందు కూడెట్టు, మతం సంగతి తరవాత."

ఆ వైపు ఊళ్లలో ఇంటింటా రెండు కట్టుబాట్లుండేవి. అన్నం అడిగినవాళ్లను పస్తు పంపకూడదు. అన్నం ఉడికే పొయ్యిలో ఇనుము పెట్టకూడదు. రెండింటినీ అందరికన్నా గట్టిగా పాటించేది అత్తే. ఆవిడ గొణుక్కుంటూ కొడవలి గోడకానించి ఎసరు పెట్టింది. అన్నం ఉడికి గంజి వార్చే వేళకు మిషనమ్మ లేచి గిన్నె చాపింది. ఆ గంజిలో చిటికెడు ఉప్పు కలిపి, చల్లార్చి, తాను రుచి చూసి, అక్క ఒళ్లో ఉన్న పిల్లకు చెంచాతో పట్టసాగింది.

"నీళ్లియ్యొద్దన్నాను కదేటి!" అని అత్త మీదికొచ్చింది.

"నీళ్లు కావు వదినా, నీ కుండలో గంజి. నీ బియ్యం నీ మనవరాలికి ఇసమౌతాదేటి?"

"గుంట సచ్చిపోతే?"

"నా మీదెయ్యి. తప్పు నాదేనని ఊరందరి ముందూ సెప్తాను. ఇది తేరుకున్నదాకా ఈ గడప దాటను."

అత్త వెనక్కి తగ్గింది. ఇంటికి నిప్పంటుకుంటే చూస్తున్నట్టు ఆ చెంచా వంకే చూస్తూ కూర్చుంది. చెంచా వెనక చెంచా, మధ్యలో తల్లిపాలు. పొద్దు వాలే వేళకు పిల్ల అక్క చీర తడిపింది. ఆ తడి చూసి అత్త, "పోసినాదే, పోసినాదే!" అని చప్పట్లు కొట్టింది. కాసేపటికి పిల్ల ఏడిస్తే కన్నీళ్లు వచ్చాయి. మా అక్కకూ వచ్చాయి.

అప్పటికిగాని మిషనమ్మ పళ్లెం ముందు కూర్చోలేదు. అత్త వడ్డించి, ఎదురుగా కూలబడి, చాలా నెమ్మదిగా అడిగింది.

"నా సిన్నది ఇలాగే పోనాది. నీళ్లు, నీళ్లు అన్నాది. నానియ్యలేదు. ఈ సేతుల్తోనే కాల్సినాను. గంజి పోసుంటే బతికేదేటి?"

మిషనమ్మ ముద్ద పళ్లెంలోనే వదిలేసింది. "తెలీదు వదినా" అంది. అత్త వంక చూసి, "నువ్వు బతికించుకోడానికే కాల్సినావు" అంది. దేవుడి మాట ఎత్తలేదు. ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి అత్త పక్కన కూర్చుంది. దీపాలు పెట్టేదాకా ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ఆ వార్త నేను రాయలేదు. దానికి శీర్షిక దొరకలేదు.

అత్త మతం మారలేదు. ఏటా అమ్మవారికి మొక్కులు చెల్లిస్తూనే వచ్చింది. కాని ఊళ్లో ఎక్కడ పిల్లకు ఇనుము కాలుస్తున్నారని తెలిసినా, చేతిలో పని వదిలేసి వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చుని ఆకలేస్తోందనేది. కోడలు కూడు పెట్టడం లేదు కాబోలని ఊరు గుసగుసలాడింది. "నా పరువు తీసేత్తంది తమ్ముడూ" అని అక్క నా దగ్గర మొత్తుకునేది గాని, అత్తను ఒక్కసారీ ఆపలేదు.

మిషనమ్మ పోయి చాలా ఏళ్లయింది. అత్తా లేదు. చివరి రోజుల్లో కూడా అత్త పోయిన తన చిన్నదాని పేరు తలుచుకుని నీళ్లు పట్టమనేదట. కాలం అన్నీ మాన్పుతుందంటారు. నాకలా అనిపించదు. తర్వాత పుట్టేవాళ్లను అది కాపాడగలదేమో గాని, వెనక ఉండిపోయినవాళ్ల దాహం తీర్చడం దానికి చేతకాదు.