వరసలో చివరి మనిషి

జనరల్ తోర్‌గెయిర్ స్కార్‌నెస్ గారు నార్వే సైన్యంలో నలభై ఏళ్లు పనిచేశారు. ఆ నలభై ఏళ్లలో ఏ వరసలోనూ ఎవరికీ ముందు నిలబడలేదు. వెనక ఎవరైనా చేరితే "మీరు కానివ్వండి" అని మళ్లీ చివరికి పోయేవారు.

ఒకసారి పన్ను నొప్పని పొద్దున పదింటికి పట్టణం వెళ్లి, డాక్టరు తలుపులు మూసేశాక అదే పన్నుతో తిరిగొచ్చారు.

"చూపించుకోలేదా సార్?" అన్నాను.

"నాకన్నా నొప్పి ఎక్కువున్నవాళ్లు ఎనిమిది మంది వచ్చారు గున్వర్."

నేను ఆయన సైనిక శిబిరంలో పందొమ్మిదేళ్లు వంట చేశాను. కొత్తగా చేరిన సిపాయొకడు భోజనాల దగ్గర పంతంకొద్దీ ఆయన వెనక నిలబడ్డాడు. ఆయన వాడి వెనక్కి వెళ్లారు. వాడు మళ్లీ ఆయన వెనక్కి. అలా ఇద్దరూ గుమ్మం దాటి మంచులోకి పోయారు.

"అబ్బాయ్, సార్‌ని స్వీడన్ దాకా తీసుకుపోకు, కూర చల్లారిపోతోంది" అన్నాను.

పదవీ విరమణ రోజున పతకాలివ్వడానికి మంత్రిగారొచ్చారు. మొదటి పేరు ఈయనదే. ఈయనేమో బూట్ల స్టోరు గుమాస్తా వెనక నిలబడ్డారు. మంత్రిగారు ఈయనకివ్వాల్సిన పెద్ద పతకం కుడి చేత్తో పట్టుకుని, మిగతా ముప్పై మందికీ ఎడమ చేత్తో ఇచ్చారు.

తర్వాత విందు. మాంసం, క్యాబేజీ, మిరియాలు వేసి మూడు గంటలు ఉడికించాను. బ్యాండు వాళ్లు మా భోజనాల పట్టికలో ఉండరు. ఆ రోజు వాళ్లూ తింటారని వారం ముందే చెప్పారు, నేనే మర్చిపోయాను. ఇంకో పొరపాటు జరిగితే వంటగది వేరేవాళ్లకి అప్పగిస్తానని మేజర్ హోవ్‌డే అంతకుముందే హెచ్చరించి ఉన్నారు.

జనరల్ గారి వంతొచ్చేసరికి గిన్నె అడుగున మిరియాలే ఉన్నాయి.

"జనరల్ గారి విందులో జనరల్ గారికే లేదా?" అన్నారు మేజర్.

"నేనే వద్దన్నాను. పన్ను నొప్పి" అన్నారు జనరల్ గారు, నా మొహం చూడకుండా.

మేజర్ అటు వెళ్లగానే అడిగాను. "ఆ పన్ను పీకించి ఆరేళ్లయింది కదా సార్?"

"ముందు నిలబడితే కూర ఎలా ఉందో తెలుస్తుంది గున్వర్. వెనక నిలబడితే ఎవరికి అందలేదో తెలుస్తుంది. సర్వీసంతా నాకు కావలసింది ఆ రెండోదే."

"రెండు గుడ్లున్నాయి, వేయించనా?"

"నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదు."

ఆయన పళ్లెం పట్టుకుని పొయ్యి ముందు నా వెనకొచ్చి నిలబడ్డారు. రెండు గుడ్లూ ఆ పళ్లెంలోనే వేశాను. ఆయన ఒకటి నా పళ్లెంలోకి తోసి, నేను మొదటి ముక్క మింగేదాకా ఫోర్కు ముట్టలేదు.